కాఫీ గ్లాసు దగ్గర ఆగిపోతున్న కథ

ఇల్లాలు ఉద్యోగానికి వెళ్లటం మన కథాసాహిత్యంలో కొత్త వస్తువు కాదు. ఆమెను వెళ్లనివ్వాలా వద్దా అనే తగాదా మీద మన రచయితలు కొన్ని దశాబ్దాల పాటు కథలు రాశారు. భర్త అహంకారం, అత్తగారి సాధింపు, ఆఫీసులో మగవాళ్ల చూపులు, ఒకటో తారీఖున జీతం ఎవరి చేతికివ్వాలన్న పేచీ - ఇవన్నీ ఆ కథల్లోకి వచ్చాయి. రావలసినవే. భూస్వామ్య భావజాలం మీద ఆ కథలు చేసిన పోరాటాన్ని తక్కువ చెయ్యటం ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

కాని ఆ తగాదా చాలా ఇళ్లలో ఒక కొలిక్కి వచ్చింది. మధ్యతరగతి ఇంట్లో ఇప్పుడు "ఉద్యోగం చెయ్యనిస్తారా?" అన్న మాట కన్నా "మళ్లీ ఎప్పుడు చేరతావు?" అన్న మాటే ఎక్కువగా వినపడుతోంది. పెళ్లికి ముందు ఉద్యోగం, బిడ్డ పుట్టాక మానెయ్యటం, బిడ్డ బడికి వెళ్లే వయసొచ్చాక, ఇంటి అప్పు వాయిదాలు మెడ మీదికొచ్చాక మళ్లీ చేరటం - ఇదీ వరస. అప్పుడు ఆ ఇల్లు ఒక వైరుధ్యంలో పడుతుంది. అయిదారేళ్లుగా అది ఒక మనిషి పూర్తికాలపు శ్రమ మీద నడిచిన ఇల్లు. ఆ మనిషి ఇప్పుడు రోజుకు పది గంటలు బయట వుంటోంది. ఆమె చేసే పని మాత్రం ఎక్కడికీ పోలేదు. పొద్దున్నే పాలు కాగాలి. కూర తరగాలి. టిఫిన్ డబ్బాలు సర్దాలి. అంట్లు తోమాలి. తడిబట్టలు ఆరెయ్యాలి. సాయంత్రం బడినుంచి వచ్చిన పిల్లవాడికి ఎవరో తలుపు తియ్యాలి. ఈ పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారు? ఈ చిన్న ప్రశ్నకు మన కథలు ఏం జవాబు చెబుతున్నాయి?

1

ఎక్కువ కథలు చెప్పే జవాబు ఒకటే. దాన్ని నేను కాఫీ ముగింపు అంటాను. పత్రికలు చదివే వారందరికీ ఇది పరిచయమే. భార్య మళ్లీ ఉద్యోగంలో చేరుతుంది. ఇల్లు అస్తవ్యస్తమవుతుంది. పిల్లవాడికి జ్వరం వస్తుంది. భర్త విసుక్కుంటాడు. భార్య రాత్రి పక్కకు తిరిగి ఏడుస్తుంది. రాజీనామా ఉత్తరం రాయబోతుంది. మర్నాడు పొద్దున ఆమెకు మెలకువ వచ్చేసరికి భర్త రెండు చేతులతో కాఫీ గ్లాసు పట్టుకుని మంచం పక్కన నిలబడి వుంటాడు. ఆమె కళ్లు చెమరుస్తాయి. కథ అయిపోతుంది.

ఈ ముగింపు రాసేవాళ్లు దుర్బుద్ధితో రాస్తున్నారని నేననను. మగవాడు మారాలన్న మంచి కోరికతోనే రాస్తున్నారు. అయినా ఈ ముగింపు అబద్ధం. ఎందుకు అబద్ధమో మూడు కారణాలు చెబుతాను.

మొదటిది, ఆ కాఫీ కానుకగా వచ్చింది, వాటాగా రాలేదు. కానుక ఇచ్చినవాడికి కృతజ్ఞత దక్కుతుంది. ఆమె ఆరేళ్లలో కొన్ని వేల కాఫీలు పెట్టింది. ఒక్క కాఫీకీ ఎవరి కళ్లూ చెమర్చలేదు. ఒకరి పని సహజధర్మం, మరొకరి పని ఔదార్యం అనే విభజనను రచయిత తనకు తెలియకుండానే ఆ కన్నీటితో ఆమోదిస్తున్నాడు. "మా ఆయన నాకు ఇంట్లో సాయం చేస్తారు" అని గొప్పగా చెప్పుకునే మాటలోనూ ఇదే వుంది. సాయం అన్నామంటే పని ఆమెదేనని ఒప్పుకున్నట్టే. తన ఇంట్లో తను తిన్న కంచం కడగటం ఎవరికి సాయం?

రెండోది, కాఫీ ఒక సంఘటన. ఇంటిచాకిరీ సంఘటన కాదు. అది పునరావృతి. ఒకరోజు చేసి వూరుకుంటే అది చాకిరీ అవదు, సరదా అవుతుంది. మర్నాడు మళ్లీ, ఆ మర్నాడు మళ్లీ, ఒంట్లో బాగాలేకపోయినా మళ్లీ చెయ్యవలసి రావటమే దాని భారం. ఒక్క పొద్దుటితో ముగిసే కథ ఆ భారాన్ని తాకనే లేదు.

మూడోది చాలామంది గమనించనిది. ఆ భర్త కాఫీ కలిపాడు సరే. పాలప్యాకెట్టు రాత్రే చెప్పి వుంచింది ఎవరు? డికాక్షను దింపి పెట్టింది ఎవరు? పంచదార డబ్బా ఎక్కడుందో అతను ఆమెనే అడిగాడా? ఇంటిపనిలో చేతులు చేసే భాగం ఒకటి, తల మోసే భాగం ఒకటి. కందిపప్పు ఎన్ని రోజులకు వస్తుంది, గ్యాసు బండ ఎప్పుడు చెప్పాలి, పాపకు టీకా ఏ తారీఖున, బడి ఫీజుకు ఆఖరు రోజు ఎప్పుడు, పనమ్మాయి రేపు వస్తుందా - ఈ లెక్కలన్నీ ఒకే తలలో తిరుగుతుంటాయి. ఆమె ఆఫీసు బల్ల ముందు కూచున్నప్పుడు కూడా తిరుగుతుంటాయి. చేతులు చేసే పనిలో కొంత పంచుకున్న ఇళ్లలో కూడా ఈ రెండో బరువు కదలదు. కాఫీ ముగింపు దీన్ని చూపించలేదు. ఎందుకంటే కథ పూర్తయ్యాక ఆ ఖాళీ గ్లాసు ఎవరు కడిగారో రచయితకు కూడా తెలియదు.

2

ఇది మర్యాదకు సంబంధించిన సమస్య అని, భార్యాభర్తలు సర్దుకోవలసిన సొంత విషయమని అనుకుంటే సాహిత్య విమర్శకు ఇందులో చోటు లేదు. కాని ఇది శ్రమ సమస్య. శ్రమను చూపించలేని వాస్తవికత లోపమున్న వాస్తవికత.

ఎంగెల్స్ 1884లో కుటుంబం, సొంత ఆస్తి, రాజ్యాల పుట్టుక మీద రాసిన గ్రంథంలో, ఆధునిక కుటుంబం స్త్రీ ఇంటిచాకిరీ మీద నిలబడి వుందని చెప్పాడు. ఆమె సామాజికోత్పత్తిలోకి తిరిగి రావటం విముక్తికి మొదటి షరతు అన్నాడు. ఆ మొదటి షరతును మన రచయితలు బాగానే పట్టుకున్నారు. కాని ఆ షరతు నెరవేరిన నాడు ఇంటిలోపల ఏమవుతుందో ఎంగెల్సే అక్కడ గుర్తు చేశాడు. ఆమె బయటిపని చేస్తే ఇంటివిధులు తప్పుతాయి, ఇంటివిధులు చేస్తే బయటిపని దొరకదు. మన కథల్లో మరుగున పడింది ఈ రెండో సగం.

అంకెలు చూద్దాం. జాతీయ గణాంక కార్యాలయం 2019లో మన దేశంలో ప్రజలు రోజును ఎలా గడుపుతున్నారో సర్వే చేసింది. ఇంటివాళ్ల కోసం జీతం లేకుండా చేసే ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. ఇక్కడ ఒక మెలిక వుంది. ఇది ఆ పని చేసినవాళ్ల సగటు మాత్రమే. ఆరేళ్లు దాటినవాళ్లలో అసలు ఆ పనిలో చెయ్యి పెట్టిన ఆడవాళ్లు నూటికి 81 మంది, మగవాళ్లు నూటికి 26 మంది. అంటే నూటికి 74 మంది మగవాళ్లు ఆ 97 నిమిషాల లెక్కలోకే రాలేదు.

2024లో మళ్లీ సర్వే చేశారు. ఆడవాళ్లది 289 నిమిషాలకు తగ్గింది. అభివృద్ధి అని చప్పట్లు కొట్టేలోపు రెండో అంకె కూడా చదవాలి. మగవాళ్లది 88కి తగ్గింది. 2019లో ఇద్దరి మధ్య తేడా 202 నిమిషాలు. 2024లో 201 నిమిషాలు. అయిదేళ్లలో తగ్గిన అంతరం ఒక్క నిమిషం. ఈ అయిదేళ్లలో కాఫీ ముగింపుతో ఎన్ని కథలు అచ్చయ్యాయో! ఆ కథల్లో మారిన భర్తలందరూ ఈ లెక్కలో ఎక్కడ వున్నారు?

289 నిమిషాలంటే పదకొండు నిమిషాలు తక్కువగా అయిదు గంటలు. ఎనిమిది గంటల ఉద్యోగం, రెండు గంటల బస్సు ప్రయాణం వున్న మనిషి రోజులో ఈ అయిదు గంటలు ఎక్కడినుంచి వస్తాయి? నిద్రలోంచి వస్తాయి. చదువులోంచి, స్నేహాల్లోంచి వస్తాయి. సంఘంలో, యూనియన్‌లో పనిచెయ్యవలసిన సాయంత్రాల్లోంచి వస్తాయి. సభలకు స్త్రీలు ఎందుకు తక్కువగా వస్తున్నారని మనం ప్రతి మహాసభలోనూ ఆశ్చర్యపడుతుంటాం. ఆశ్చర్యపడవలసిన పని లేదు, గడియారం చూస్తే చాలు.

3

గడియారాన్నే శిల్పంగా మలచిన ఒక రచన మన విద్యార్థులు తప్పక చదవాలి. సోవియట్ రచయిత్రి నటాలియా బరాన్‌స్కయా రాసిన చిన్న నవల అది. 1969లో నోవీ మీర్ పత్రికలో వచ్చింది. పేరును తెలుగులో చెప్పాలంటే 'అన్ని వారాల్లాంటి ఓ వారం' అనాలి. కథానాయిక ఓల్గాకు 26 ఏళ్లు. మాస్కోలో ఒక ప్రయోగశాలలో పరిశోధకురాలు. ఇద్దరు చిన్నపిల్లలు. సోమవారం నుంచి ఆదివారం దాకా ఏడు రోజులు, ఏడు అధ్యాయాలు. ఇంతకు మించి కథ లేదు.

సోమవారం ఆమె ఆలస్యంగా నిద్రలేచి పరుగున ప్రయోగశాలకు వస్తుంది. అక్కడ ఆడవాళ్లందరికీ ఒక ప్రశ్నావళి పంచుతారు. ఇంటిపనికి వారానికెన్ని గంటలు, పిల్లలకెన్ని, తీరికకెన్ని అని అందులో అడుగుతారు. ఓల్గా లెక్కవెయ్యబోయి వెయ్యలేకపోతుంది. ఆ ప్రశ్నావళి నవలకు ఆయువుపట్టు. శాస్త్రం అడిగే గంటలను జీవితం ఏడు అధ్యాయాల్లో నింపుతుంది. బస్సులు, మెట్రో, క్యూలు, సంచులు, అంట్లు, ఇస్త్రీ. మొదటినుంచీ ఆమె దుస్తులకు ఊడిపోయిన ఒక హుక్కు కుట్టుకోవాలనుకుంటూ వుంటుంది. వారం గడుస్తుంది. హుక్కు కుట్టటం అవదు. ఉపన్యాసం లేదు, నినాదం లేదు. ఒక హుక్కు చాలు, ఆమెకంటూ అయిదు నిమిషాలు లేవని చెప్పటానికి.

భర్త దీమా చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు, పిల్లలంటే ప్రేమ. ఆమె పనిలో వున్నప్పుడు అతను పత్రిక చదువుకుంటాడు, అంతే. ఆదివారం నాడు అతనే ఒక పరిష్కారం చెబుతాడు. నువ్వు ఉద్యోగం మానెయ్యరాదా, పిల్లలకు మంచిది కదా అని. ఇన్నేళ్ల చదువునూ, చేతిలో వున్న పరిశోధననూ పారేసుకోవటం తనను లేకుండా చెయ్యటమేనని ఓల్గా అతనికి చెబుతుంది. నవల సమాధానంతో ముగియదు. రాత్రి ఆమె ఎందుకో తెలియకుండా మేలుకుంటుంది. ఏదో ఆందోళన. తెల్లారితే సోమవారం.

ఈ నవలనుంచి మనం నేర్చుకోవలసినవి రెండున్నాయి. ఒకటి శిల్పానికి సంబంధించింది. పునరావృతి కథకు పనికిరాదని, సంఘర్షణ వుంటేనే కథ అని మనం అనుకుంటాం. కాలానికీ మనిషికీ మధ్య జరిగే సంఘర్షణ కూడా సంఘర్షణే అని బరాన్‌స్కయా చూపించింది. రెండోది రాజకీయాలకు సంబంధించింది, అందుకే మనకు మరింత ముఖ్యం. ఓల్గా పిల్లలిద్దరూ పగలు శిశుగృహంలో, బాలవాడీలో వుంటారు. సామూహిక భోజనశాలలు, శిశుగృహాలు కొత్త సమాజపు మొలకలని 1919లో లెనిన్ రాశాడు. ఆ మొలకల్లో కొన్ని ఓల్గా కాలానికి చెట్లయ్యాయి. అయినా శిశుగృహం తెరవకముందూ మూసేశాకా వుండే గంటలు ఆమెవే అయ్యాయి. సామాజిక వ్యవస్థ సగం పని తీసుకుంది. మిగిలిన సగం ఇద్దరికీ పంచలేదు. ఉత్పత్తి సంబంధాలు మారితే వంటిల్లు దానంతటదే మారుతుందని నమ్మి కూచునేవాళ్లకు ఆ దేశంనుంచే వచ్చిన సాక్ష్యం ఇది.

4

మన దగ్గర ఈ విషయంలో ఏమీ రాలేదనటం తప్పు. అబ్బూరి ఛాయాదేవి 'బోన్సాయ్ బ్రతుకు'లో కుండీలో పెంచిన చెట్టును చూపించి ఇంటిలో కుదించిన జీవితాన్ని చెప్పింది. 1987లో వచ్చిన ఓల్గా నవల 'స్వేచ్ఛ'లో ఉద్యోగం దొరికినంత మాత్రాన స్వేచ్ఛ దొరకదని అరుణ తెలుసుకుంటుంది. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లు అలికీ అలికీ తన పేరే మరిచిపోయిన ఇల్లాలు ఆ పేరు వెతుక్కుంటూ బయల్దేరుతుంది. విమల 'వంటిల్లు' కవిత ఎవరి వంటిల్లు వారికన్న గోడలనే ప్రశ్నించింది. ఇంటిపనీ బయటిపనీ ఇద్దరూ చెయ్యవలసిందేనన్న వాదాన్ని రంగనాయకమ్మ ముందుకు తెచ్చింది.

ఈ రచనలు చాకిరీని సాహిత్యవస్తువుగా నిలబెట్టాయి. వంటిల్లు కవితకు తగదన్న పండితుల నోళ్లు మూయించాయి. స్త్రీ చైతన్యం మేలుకున్న క్షణాన్ని పట్టుకోవటం వాటి చారిత్రక కర్తవ్యం. ఆ కర్తవ్యం నెరవేరింది. పేరు దొరికిన ఆ ఇల్లాలు మర్నాడు పొద్దున నిద్ర లేచినప్పుడు ఏం జరిగిందన్నది తర్వాతి తరం రాయవలసిన కథ. ఆ తర్వాతి తరంలో చాలామంది దాన్ని రాయకుండా కాఫీ గ్లాసు దగ్గర ఆగిపోయారు. మేలుకోవటాన్ని పదేపదే రాస్తున్నారు, మేలుకున్నాక గడపవలసిన రోజును రాయటం లేదు.

5

కాఫీ ముగింపుకు ఒక చెల్లెలు వుంది. అది పనమ్మాయి ముగింపు. భార్య ఉద్యోగంలో చేరుతుంది, పనిమనిషిని పెట్టుకుంటారు, ఇంట్లో శాంతి నెలకొంటుంది. కొన్ని కథల్లో పనిమనిషి స్థానంలో వూరినుంచి వచ్చిన అమ్మ వుంటుంది, లేదా అత్తగారు. ఇంకొన్ని ఇళ్లలో, కథల్లోకి రాని ఇళ్లలో, పన్నెండేళ్ల పెద్దకూతురు వుంటుంది. అన్నిటిలోనూ జరిగింది ఒకటే. పని ఒక ఆడమనిషి చేతిలోనుంచి మరో ఆడమనిషి చేతిలోకి జారింది. మగవాడి చెయ్యి తడవలేదు.

పనమ్మాయి ముగింపులో వర్గదృష్టి లోపం కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ఆమె నాలుగిళ్ల అంట్లు తోమి వెళ్లాక ఆమె ఇంట్లో అంట్లు ఎవరు తోముతారు? ఒక స్త్రీ విముక్తి మరో స్త్రీ రెట్టింపు చాకిరీ మీద నిలబడితే దానికి విముక్తి అని పేరు పెట్టవచ్చునా? పనిమనిషిని పెట్టుకోవద్దని నేను చెప్పటం లేదు. ఆమె జీతం, ఆమె సెలవు, ఆమె ఇంటి పొద్దుటిపూట కూడా ఆ కథలో భాగమేనంటున్నాను.

మరో మాట. ఇంట్లో వుండిపోయిన ఇల్లాలు, మళ్లీ పనికి వెళ్లిన ఇల్లాలు అనే విభజన మధ్యతరగతిది. నిజామాబాదు, కరీంనగర్ ప్రాంతాల్లో బీడీలు చుట్టే స్త్రీని ఏ గదిలో పెడతారు? ఆమె ఇంట్లోనే వుంటుంది, కూలిపనే చేస్తుంది. చేట ఒళ్లో, పొయ్యి పక్కన, బిడ్డ చేటకు అవతల. వెయ్యి బీడీల లెక్క పూర్తి కావాలి, అన్నం అడుగంటకూడదు. నాట్లు వేసే కూలితల్లి పురుడు పోసుకుని కోలుకునేలోపే మళ్లీ మడిలో దిగుతుంది. అచ్యుతాపురం బట్టల ఫ్యాక్టరీలకు వూళ్లనుంచి బస్సుల్లో వెళ్లే ఆడపిల్లలు, తల్లులు షిఫ్టుకు ముందు ఏ వేళకు లేస్తున్నారు? వీళ్ల రోజుకు మనదగ్గర ఏడు అధ్యాయాలు ఎవరు రాశారు? కార్మికుడి చెమట గురించి రాసిన మన సాహిత్యం, ఆ కార్మికుడి చొక్కా ఉతికిన చెమట గురించి ఎంత రాసింది?

6

రెండు అభ్యంతరాలు వస్తాయి. దేశంలో ఇంత దోపిడీ వుండగా అంట్లగిన్నెల గురించి వాదమేమిటని కొందరు. గిన్నెలు లెక్కపెట్టటం సాహిత్యమా, అది సర్వేవాళ్ల పని కదా అని మరికొందరు.

మొదటి అభ్యంతరానికి జవాబు చట్టాల్లోనే వుంది. 1948 ఫ్యాక్టరీల చట్టం శిశుగృహం కట్టాలా వద్దా అన్నది అక్కడ పనిచేసే స్త్రీల సంఖ్యను బట్టి నిర్ణయించింది. పక్కనే పనిచేసే తండ్రుల పిల్లలు ఆ లెక్కలోకి రాలేదు. కేంద్ర ప్రభుత్వం 2008లో స్త్రీ ఉద్యోగులకు పిల్లల సంరక్షణ సెలవు ఇచ్చింది. 2018లో దాన్ని మగ ఉద్యోగులకూ విస్తరించింది, కాని పెళ్లికానివారికీ, భార్య చనిపోయినవారికీ, విడాకులైనవారికీ మాత్రమే. భార్య వున్న మగవాడికి పిల్లల్ని చూసుకునే పనేమిటన్నది దాని అంతరార్థం. పెట్టుబడికి రేపటి కార్మికుణ్ణి ఉచితంగా పెంచి ఇచ్చేది ఇంటిచాకిరీ. ఇది దోపిడీకి బయట వున్న విషయం కాదు, దాని పునాది కిందిపొర.

రెండో అభ్యంతరానికి నా జవాబు ఇది. సర్వే నిమిషాలు చెబుతుంది. ఆ నిమిషాలు మనిషిని ఏం చేస్తాయో చెప్పలేదు. 201 అనే అంకె ఒక మనిషి గొంతుగా మారాలంటే రచయితే కావాలి. అయితే అంకెను మరిచిన గొంతు కాఫీ ముగింపు దగ్గర తడబడుతుంది.

రచయిత మిత్రులకు నా విన్నపం చిన్నది. ఇలాంటి కథ రాసినప్పుడు చివరి పేజీ అయ్యాక మరో మూడు రోజులు మనసులో నడిపి చూడండి. భర్త పాత్ర బుధవారం కూడా వంటింట్లో వుందా? ఉప్పు అయిపోయిన సంగతి అతనికి ఎవరూ చెప్పకుండా తెలిసిందా? పిల్లవాడికి జ్వరమొస్తే సెలవు పెట్టింది ఎవరు? ఇంటికి వచ్చిన అతని తల్లి, కొడుకు చేతిలో చీపురు చూసి ఏమంది? ఆ మాటకు అతను ఏం జవాబు చెప్పాడు? అక్కడ వుంది అసలు సంఘర్షణ, అక్కడే మారే మనిషి తయారవుతాడు. ఓడిపోయే భర్తను రాసినా ఫరవాలేదు. పది రోజులు చేసి పదకొండో రోజు మానేసిన మగవాణ్ణి నిజాయితీగా రాస్తే అది ఒక్క పొద్దుట మారిపోయిన పది మంది మగవాళ్ల కన్నా ఎక్కువ నేర్పుతుంది.

విద్యార్థులకు ఒక మాట. ఇకమీద ఏ కుటుంబకథ చదివినా వస్తువు, శిల్పం, దృక్పథం అని మీరు వేసుకునే ప్రశ్నల పక్కన మరో ప్రశ్న చేర్చండి: ఈ కథలో అందరూ తిన్నారు కదా, వండింది ఎవరు, కడిగింది ఎవరు? గొప్పవనుకున్న కథలు కొన్ని ఆ ప్రశ్న ముందు చిన్నవవుతాయి. ఎవరూ పట్టించుకోని కథలు కొన్ని పెద్దవవుతాయి. ఆ పట్టికను తిరగరాసే పని మీది.